బొద్దుతనమే ఆరోగ్యమా?

పోయిన శుక్రవారం జుమా నమాజు ముగించుకుని బయటికి వస్తుంటే మసీదు మెట్ల దగ్గర ఒక పెద్దమనిషి నా కోసం కాచుకుని ఉన్నాడు. చేతిలో చెయ్యేసి మూడేళ్ల మనవడు. "ఉస్తాద్ సాబ్, వీడి మీద కాస్త చదివి ఊదండి. ఏడాది కిందట బూరెల్లాంటి బుగ్గలు. ఇప్పుడు చూడండి, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ఎవరిదో నజర్ తగిలింది. వాళ్ల దాదీకి దిగులుతో నిద్ర లేదు" అన్నాడు.

నేను పిల్లవాడి వైపు చూశాను. వాడు తాత చెయ్యి విడిపించుకుని, మెట్ల మీది జోళ్ల జతలన్నీ తారుమారు చేసి, పావురాల వెంట పరుగెత్తుతున్నాడు. కళ్లలో మంచి కాంతి ఉంది. "ఏం తింటాడు భాయ్?" అని అడిగాను. "ఎక్కడ తింటాడు సాబ్! దాదీ పళ్లెం పట్టుకుని వాకిలంతా తిరుగుతుంది. సెల్‌ఫోనులో బొమ్మలు పెడితే ఆ ధ్యాసలో నాలుగు ముద్దలు మింగుతాడు. మధ్య మధ్య బిస్కెట్లు. రాత్రి నిద్రలోనే పాలసీసా నోట్లో పెడతాం" అన్నాడాయన.

దుఆ చేశాను. బిడ్డ మేలు కోరి దుఆ చేయడం మన ధర్మం. కాని ఆ పిల్లవాడికి తగిలింది నజర్ కాదు. మూడేళ్ల వయసులో పిల్లలందరూ అలా సన్నబడతారు. ఈ మాట ఆయనకు చెబుతుంటే నా గొంతు కాస్త తడబడింది. ఎందుకంటే ముప్పై ఏళ్ల కిందట అదే పళ్లెం మా ఇంటి వాకిట్లోనూ తిరిగింది.

మా పెద్దవాడు పుట్టినప్పుడు రెండుంబావు కిలోలు. చూడవచ్చిన బంధువులు "ఎలుకపిల్లలా ఉన్నాడు" అన్నారు. ఆ మాటకు నేను సిగ్గుపడ్డాను. ఉర్దూ పాఠాలు చెప్పుకునే వాడి జీతం ఎంతో మీకు తెలుసు. అందులోనే నెలనెలా పాలడబ్బాలు కొన్నాను. తల్లి పాలు ఉండగానే సీసా పట్టించాం. ఆరు నెలలు తిరిగేసరికి వాడు గుండ్రంగా తయారయ్యాడు. మాషా అల్లాహ్ అనని వారు లేరు. మూడో ఏట సన్నబడగానే మళ్లీ కంగారుపడ్డాం. నెయ్యి, నానబెట్టిన బాదం, హల్వా, చక్కెర కలిపిన పాలు, వద్దన్నా కుక్కిన ముద్దలు. పదో ఏట బడిలో వాణ్ణి 'మోటూ' అని పిలిచేవారు. మేం నవ్వుకునేవాళ్లం.

నిరుడు, ముప్పై రెండో ఏట, వాడు ఉద్యోగం నుంచి వస్తూ ఛాతీలో నొప్పి అన్నాడు. విజయవాడలో గుండె రక్తనాళానికి స్టెంటు వేశారు. సిగరెట్టు ముట్టని పిల్లవాడు. నేను డాక్టరు గారిని అడిగాను: "మేం చిన్నప్పుడు పెట్టిన తిండి వల్లనేనా ఇది?" ఆయన న్యాయంగానే జవాబు చెప్పారు. "ఒక మనిషి విషయంలో ఒకే కారణం చెప్పలేం మాస్టారూ. వంశం, కూర్చుని చేసే ఉద్యోగం, నిద్రలేమి, షుగరు అన్నీ కలుస్తాయి. చిన్నతనంలో పెరిగిన కొవ్వుకూ ఇందులో వాటా ఉంటుంది" అన్నారు. ఆ 'వాటా' అన్న మాట నన్ను వదలలేదు. తెలిసిన వారిని అడిగి, దొరికింది చదివి, నాకు బోధపడిన సంగతులను నా వంటి తండ్రులకు, తాతలకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

గుండెజబ్బు యాభయ్యో ఏట పుట్టదు

గుండెజబ్బు పెద్దవాళ్లకు వచ్చే జబ్బు అనుకుంటాం. బయటపడేది పెద్దయ్యాకే, నిజమే. మొదలయ్యేది మాత్రం చాలా ముందు. కొరియా యుద్ధంలో మరణించిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను డాక్టర్లు పరీక్షించి 1953లో ఫలితాలు ప్రకటించారు. ఆ సైనికుల సగటు వయసు 22 ఏళ్లు. వారిలో నూటికి 77 మంది గుండె రక్తనాళాల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. అమెరికాలోనే బొగలూసా అనే ఊళ్లో పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించిన డాక్టర్లు 1998లో మరో సంగతి చెప్పారు. ప్రమాదాల వంటి కారణాలతో చిన్న వయసులోనే చనిపోయినవారిని పరీక్షిస్తే, బతికి ఉండగా అధిక బరువు, రక్తపోటు, చెడు కొవ్వు వంటివి ఎన్ని ఎక్కువగా ఉన్నాయో, రక్తనాళాల్లో కొవ్వు చారలు కూడా అంత ఎక్కువగా ఉన్నాయి.

ఇంకా వెనక్కి వెళ్లినవారు ఇంగ్లండుకు చెందిన డేవిడ్ బార్కర్. హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో 1911 నుంచి నర్సులు ప్రతి బిడ్డ పుట్టిన బరువునూ, ఏడాది నిండిన నాటి బరువునూ పుస్తకాల్లో రాసి ఉంచారు. బార్కర్ బృందం ఆ పుస్తకాలు వెలికితీసి, ఆ బిడ్డలు పెద్దయి ఏ జబ్బులతో చనిపోయారో వెదికింది. పుట్టినప్పుడూ, ఏడాదికీ తక్కువ బరువున్న మగవారిలో గుండెజబ్బు మరణాలు అందరికంటే ఎక్కువగా ఉన్నాయని 1989లో ప్రకటించింది.

ఇది చదివి "చూశారా, బరువు పెంచడమే మంచిది" అని ఎవరైనా అనవచ్చు. అక్కడే ఆగితే పొరపాటు పడతాం. మన దేశపు బిడ్డల కథ ఇంకా ఉంది.

మన బిడ్డల తీరు వేరు

పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం అక్కడి పల్లెల శిశువులను ఇంగ్లండు శిశువులతో పోల్చి చూసింది. మన బిడ్డలు సగటున 2.7 కిలోలు, వారి బిడ్డలు 3.5 కిలోలు. మన బిడ్డల్లో కండ తక్కువ, కడుపులోని అవయవాలు చిన్నవి. కాని చర్మం కింద కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే పైకి బక్కగా కనిపించే మన శిశువు కొవ్వును దాచుకునే స్వభావంతోనే పుడుతున్నాడు. తల్లి కడుపులో కరువు చూసిన శరీరం కదా, ముందు జాగ్రత్త పడుతుంది. కరువుకు సిద్ధపడి వచ్చిన ఆ శరీరం మీద మనం విందు కుమ్మరిస్తే ఏమవుతుంది?

దానికి జవాబు ఢిల్లీలో దొరికింది. దక్షిణ ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టిన పిల్లలను పుట్టుక నుంచి కొలుస్తూ వచ్చారు. వారిలో 1,492 మందిని 26 నుంచి 32 ఏళ్ల వయసులో మళ్లీ పరీక్షించి 2004లో ఫలితాలు వెల్లడించారు. మధుమేహం గానీ, దాని ముందు దశ గానీ వచ్చినవారు ఎవరు? రెండేళ్ల వరకు సన్నగా ఉండి, ఆ తర్వాత పన్నెండేళ్ల దాకా ఎత్తుకు మించి బరువు పెరుగుతూ పోయినవారు. ఇందులో మనం గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. ఆ పిల్లల్లో ఒక్కరు కూడా పన్నెండేళ్లప్పుడు లెక్క ప్రకారం స్థూలకాయులు కారు. తమ తోటివారి నడుమ మామూలుగానే కనిపించి ఉంటారు. మధుమేహం గుండెజబ్బుకు తలుపు తెరుస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడే మూడేళ్ల మనవడి సంగతి వస్తుంది. ఏడాది నిండేనాటికి బిడ్డ బొద్దుగా ఉండటం సహజం. ఆ తర్వాత నడుస్తాడు, పరుగెత్తుతాడు, ఎత్తు పెరుగుతాడు. సుమారు అయిదారేళ్ల దాకా క్రమంగా సన్నబడుతూ వస్తాడు. ఆ తర్వాతే మళ్లీ ఒళ్లు చేయడం మొదలవుతుంది. సృష్టికర్త ఏర్పరచిన క్రమం అది. ఆ రెండో విడత ఎంత ముందుగా మొదలైతే పెద్దయ్యాక స్థూలకాయం, మధుమేహం వచ్చే అవకాశం అంత ఎక్కువ. మనం ఏం చేస్తున్నాం? సరిగ్గా బిడ్డ సన్నబడవలసిన వయసులో 'చిక్కిపోయాడు' అని కుక్కడం మొదలుపెడతాం.

2013లో బ్రెజిల్, గ్వాటెమాలా, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికా, మన దేశం, ఈ అయిదు దేశాల లెక్కలు కలిపి చూసినప్పుడు కూడా ఇదే తేలింది. మొదటి రెండేళ్లలో బాగా పెరిగిన పిల్లలు ఎత్తు పెరిగారు, చదువులో ముందున్నారు. ఆ వయసు దాటాక ఎత్తుతో నిమిత్తం లేకుండా వేగంగా పెరిగిన బరువే పెద్దయ్యాక కొవ్వుకూ రక్తపోటుకూ దారితీసింది. ఇది చదివాక నా కొడుకు విషయంలో నాకు అర్థమయింది. డబ్బాపాల కంటే ఆ తర్వాతి హల్వా పళ్లెమే ఎక్కువ తప్పు చేసిందేమో.

అలాగని డబ్బాపాల మీద నింద పూర్తిగా తొలగదు. ఇంగ్లండులో 1982–85 ప్రాంతంలో నెలలు నిండకుండా పుట్టిన శిశువుల్లో కొందరికి దాతల తల్లిపాలు, కొందరికి పుష్టికరమైన డబ్బాపాలు ఇచ్చి, 13–16 ఏళ్ల వయసులో మళ్లీ చూశారు. తల్లిపాలు తాగినవారి రక్తపోటు తక్కువగా ఉంది. పుట్టిన తొలి రెండు వారాల్లో వేగంగా బరువు పెరిగినవారి రక్తనాళాలు అంతగా సాగడం లేదు. న్యాయం కోసం ఇంకో మాట చెప్పాలి. పుష్టికరమైన పాలు ఆ నెలలు నిండని శిశువుల మెదడుకు మేలు చేశాయని కూడా అదే డాక్టర్లు కనుగొన్నారు. కనుక అటువంటి బిడ్డ విషయంలో నిర్ణయం డాక్టరుదే గాని మనదీ కాదు, పక్కింటివారిదీ కాదు.

హైదరాబాదు పల్లెలు చెప్పిన పాఠం

"ఉస్తాద్, మీరు తిండి తగ్గించమంటున్నారా? మన వీధుల్లో ఆకలితో ఉన్న పిల్లలు కనబడటం లేదా?" అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్న. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో నూటికి దాదాపు 31 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. తిండి తగ్గించమని నేను ఎలా అనగలను?

దీనికి జవాబు తెలుగు నేల మీదనే ఉంది. 1987–90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల 29 గ్రామాలను జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఎంచుకున్నారు. 15 గ్రామాల్లో అంగన్‌వాడీ ద్వారా గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో, సోయా నూనెతో వండిన ఉప్మా అది. గర్భిణికి రోజుకు 20 గ్రాముల మాంసకృత్తులు అందేటట్లు, పిల్లలకు అందులో సగం. తక్కిన 14 గ్రామాల్లో ఆ పథకం అప్పటికింకా మొదలు కాలేదు. 2003–05లో ఆ బిడ్డలు 13 నుంచి 18 ఏళ్ల వారయ్యాక 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా తిన్న గ్రామాల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఒంట్లో కొవ్వు మాత్రం పెరగలేదు. ఇన్సులిన్‌కు శరీరం లొంగకపోవడం అనే లోపం వారిలో అయిదో వంతు తక్కువగా ఉంది. రక్తనాళాల బిరుసు కూడా తక్కువే. రక్తపోటులో, రక్తంలోని కొవ్వులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2008లో ఈ వివరాలు ప్రకటించారు.

గమనించండి. ఆ పిల్లలకు పెట్టినది పాలడబ్బా కాదు, హల్వా కాదు, ఒక పళ్లెం ఉప్మా. అదీ బిడ్డ పుట్టక ముందే తల్లికి అందింది. లోటున్న చోట లోటు పూడ్చిన తిండి రక్తనాళాలను మెత్తగా ఉంచింది. లోటు లేని చోట ఆకలికి మించి కుక్కిన తిండి అదే రక్తనాళాలకు శత్రువవుతుంది. నేను చెప్పదలచినది ఈ ఒక్క మాటే.

ఈ పళ్లెం ఎందుకు తిరుగుతోంది?

మన పెద్దలను తప్పుపట్టి లాభం లేదు. కృష్ణకు అటూ ఇటూ ఉన్న ఈ ప్రాంతం ఇప్పుడు అన్నపూర్ణ అని పేరు పొందింది గాని, 1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయ్యాకే ఈ నేలకు నిలకడగా నీళ్లు అందాయి. పొట్ట నిండని తరాల మనుమలం మనం. బొద్దుగా ఉన్న బిడ్డను చూస్తే మన దాదీలకు, నానీలకు కనబడేది కొవ్వు కాదు, కరువు దాటిన ధైర్యం. ఆ ప్రేమ నిజమైనది. కాని కాలం మారింది. ఇప్పుడు వీధి చివర కొట్లో అయిదు రూపాయలకే చిప్స్ పొట్లం దొరుకుతుంది. ఆనాటి భయంతో ఈనాటి సరుకు తినిపిస్తున్నాం.

ఇందులో ఒక అన్యాయం కూడా ఉంది. చెప్పక తప్పదు. మనవడి నోట్లో బలవంతంగా ముద్ద కుక్కే చేతులే కోడలి పళ్లెంలో ఒక గుడ్డు వేయడానికి వెనకాడతాయి. గర్భిణి ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందంటారు. బాలింతకు పథ్యం పేరుతో కూర, పండు, పప్పు మానిపిస్తారు. ఇంట్లో అందరూ తిన్నాక చివర మిగిలినది ఆడపిల్లకు. ఆమెకు పుట్టిన బిడ్డ రెండు కిలోలుంటే, ఆ కొరత తీర్చడానికి పరుగెత్తి డబ్బా కొంటాం! ఆ డబ్బా ఖరీదులో కొంత తొమ్మిది నెలల ముందు తల్లి మీద ఖర్చు పెట్టి ఉంటే? ఈ తప్పు నేనూ చేశాను గనుకనే అడుగుతున్నాను.

దివ్యఖుర్ఆన్‌లో సూరహ్ అల్‌బఖర బిడ్డకు పాలిచ్చే కాలం నిండుగా రెండేళ్లని చెప్పింది. మనం చాలామందిమి అంతవరకే గుర్తుపెట్టుకుంటాం. అదే ఆయతులో పాలిచ్చే తల్లి తిండి, బట్ట బాధ్యతను తండ్రి మీద ఉంచిన సంగతి మరిచిపోతాం. రంజాన్‌లో గర్భిణికీ, బాలింతకూ తనకో బిడ్డకో హాని కలుగుతుందనుకుంటే ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు షరీయతు ఇచ్చింది. కడుపును పూర్తిగా నింపవద్దని, తిండికీ నీటికీ ఊపిరికీ తలా మూడో వంతు ఉంచమని మహనీయ ప్రవక్త (స) బోధించిన విషయం మదర్సాలో ప్రతి పిల్లవాడికీ చెబుతాం. ఆ బోధ మనకు మాత్రమేనా, మన చేతి ముద్ద కోసం నోరు తెరిచిన పసివాడికి వర్తించదా?

మన ఇళ్లలో ఏం చేయాలి?

పెద్ద ఖర్చేమీ లేదు. బిడ్డ పుట్టిన గంటలోపే తల్లి పాలు పట్టాలి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కరలేదు. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు తల్లి ఒంటి వెచ్చదనం, తల్లిపాలు, డాక్టరు సలహా, ఈ మూడూ ముఖ్యం. శిశువుల డబ్బాపాలకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది. 2003లో దాన్ని ఇంకా కట్టుదిట్టం చేశారు. ప్రకటనలు ఆగినా, బంధువుల నోటి ప్రచారాన్ని ఆపే చట్టం లేదు. దాన్ని మనమే ఆపుకోవాలి.

ఆరు నెలలు నిండాక మెత్తటి పప్పన్నం, గుడ్డు, ఆకుకూర, పండు, చేప వంటివి తల్లిపాలతో పాటు మొదలుపెట్టాలి. ఈ దశలో వెనకాడకూడదు. మొదటి రెండేళ్లు ఎముక, కండ, మెదడు పెరిగే కాలం. రెండేళ్లలోపు బిడ్డకు చక్కెర, ఉప్పు ఎక్కువగా ఉన్న పదార్థాలు, తీపి పానీయాలు పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. పాలలో నానబెట్టిన బిస్కెట్ కూడా ఈ లెక్కలోకే వస్తుంది.

రెండేళ్లు దాటాక పద్ధతి మార్చాలి. ఏం పెట్టాలో మనం నిర్ణయించాలి. ఎంత తినాలో బిడ్డ నిర్ణయించుకోవాలి. వాడు తల తిప్పుకుంటే, పెదవులు బిగిస్తే, ముద్ద ఉమ్మేస్తే 'చాలు' అని చెబుతున్నాడని అర్థం. మాటలు రాని బిడ్డ చెప్పే మాట అది. దాన్ని గౌరవించాలి. సెల్‌ఫోను చూపించి తినిపించడమంటే కడుపు మాట వినబడకుండా చేయడమే. నిద్రలో సీసా మానిపించాలి. వాకిట్లో, మైదానంలో ఆడనివ్వాలి.

అనుమానం వస్తే కళ్లతో కాదు, కొలతతో తేల్చుకోవాలి. అంగన్‌వాడీలో బిడ్డ బరువు, ఎత్తు రెండూ చూపించి కార్డులో గీత గీయించండి. ఎత్తు పెరుగుతూ, ఆడుకుంటూ, గీత తన దారిన పోతుంటే బుగ్గలు తగ్గాయని బెంగ అక్కరలేదు. గీత కిందికి దిగినా, బిడ్డ నీరసంగా మూలన కూర్చున్నా, ఎత్తు పెరగకుండా బరువే పెరుగుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. ఊదించడం ఊదించండి. తూకం కూడా వేయించండి.

మసీదు మెట్ల దగ్గర ఆ పెద్దమనిషికి నేను ఇంతే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి వాళ్ల దాదీకి ఏం చెప్పమంటారు సాబ్?" అన్నాడు. "మనవడికి పళ్లెం బదులు చెయ్యి అందించమనండి. ఇద్దరూ కలిసి సాయంత్రం నాలుగు వీధులు నడవమనండి. ఇద్దరి గుండెలకూ మంచిది" అన్నాను.

మా ఇంట్లోనూ ఇప్పుడు మనవరాలు ఉంది. స్టెంటు వేయించుకున్న వాడి కూతురే. రెండేళ్లు దాటి సన్నబడుతోంది. మొన్న మా ఇంట్లో ఆవిడ అలవాటు కొద్దీ నేతి గిన్నె అందుకుని, మా వాడి ముఖం చూసి మళ్లీ పెట్టేసింది. ఎవరం ఏమీ అనుకోలేదు. పాప సగం అన్నం వదిలేసి ఆడుకోవడానికి వెళ్లిపోయింది. బిడ్డలు మన చేతికి వచ్చిన అమానతులు. రేపు ఆ అమానతు లెక్క అప్పగించవలసిన వారం. వారి కడుపు నిండే దాకా పెట్టే మనసును, నిండాక చెయ్యి ఆపే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.